నాలుగో ఇంటి ఆవు

ఆవు ఒర్సొలీనా ఇంటికి చేరేసరికి మూడిళ్ళు తిరిగి రొప్పుతోంది. తోలుకొచ్చింది మా ఆయన సాంతోనే. వానకి దాని మొహం మీది మసి కారిపోతుంటే చొక్కా చేత్తో తుడిచేస్తున్నాడు. రెండో ఇంట్లో దాని మొహానికి మసి పూశారు, మూడో ఇంట్లో వీపు మీద గోనె కప్పారు. ఇక్కడికొచ్చాక పాపం దాని రంగు దానికొచ్చింది.

"దొర ఇంకా మూడో ఇంటి దగ్గరే ఉన్నాడు. బేగి కట్టెయ్యి. ఎవరిదంటే నాదే అను. పొదుగు మీద మాత్రం చెయ్యెయ్యకు, ఏజెంటు గారి టీకి పాలు కావాలి" అన్నాడు.

నేను అప్పటికి ఒర్సొలీనా గుడిసెలోనే ఉన్నాను. ఆమె పిల్ల జెమ్మను ఒళ్ళో వేసుకుని, గుడ్డ కొస పిండినీళ్ళలో ముంచి నోటికి అందిస్తున్నాను. ఎనిమిది నెలల పిల్ల, మూడు నెలల పిల్లంత లేదు. ఈ తీరాన ఓడ ఆగే రేవు లేదు, అలల్లోంచి పడవల మీద బస్తాలు దింపాలి. అలా దింపుతూనే ఒర్సొలీనా మొగుడు బత్తిస్తా పోయాడు. ఆ వారానికే ఆమెకు పాలు ఎండిపోయాయి. ఐదు వారాలుగా ఓడే రాలేదు, స్టోరులో డబ్బాపాలు నిండుకున్నాయి. పిల్లకి ఇప్పుడు గట్టిగా ఏడ్చే ఓపిక కూడా లేదు.

ఇటలీలో ఓడెక్కించినప్పుడు మా చేతుల్లో పెట్టిన కాగితంలో ఇంటికో ఆవు అని ఉంది. ఈ న్యూజిలాండు అడవికి వచ్చి రెండేళ్ళయింది. ఊరు మొత్తానికి ఉన్నది ఒక్క ఆవు, అదీ మా మీద సర్కారు పెట్టిన ఏజెంటుది. మిగతావి ఎవరు మింగారో అడిగే దిక్కు లేదు. ఇన్నాళ్ళకి, ఆవులు అందాయో లేదో చూసి రమ్మని పట్నం నుంచి ఒక దొరను పంపారు. దొర అడవి దారిన ముందు గుమ్మాల వెంట వస్తాడు, ఆవు ఏటిగట్టున వెనక గుమ్మాల వెంట వస్తుంది. ఎనిమిది ఇళ్ళు, ఒక్క ఆవు. కాదన్నవాడికి రోడ్డు పని ఉండదన్నాడు ఏజెంటు. వారానికి మూడు రోజులు, రోజుకి ఎనిమిది షిల్లింగులు. విత్తింది విత్తినట్టే వానకి కుళ్ళిపోయే ఈ నేలలో మా ముగ్గురు పిల్లలు తినేది ఆ కూలే. అందుకే ఊరంతా తలూపింది. నేనూ ఊపాను, దాచుకోవడం దేనికి?

ఒర్సొలీనా ఆవును చూరు కింద గుంజకి కట్టింది. లోపలికి వెళ్ళి పెట్టె అడుగు నుంచి ఒక పటం తెచ్చింది. పునీత అంతోనివారి పటం, కాళ్ళ దగ్గర పందిపిల్లతో. మా వైపు పశువుల కొట్టం ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆయన ఉంటాడు. వాళ్ళ నాన్న తన కొట్టంలో గోడ నుంచి తీసి ఇచ్చాడట, ఆవు వచ్చిన రోజు తగిలించుకో తల్లీ అని. రెండేళ్ళుగా పెట్టెలోనే పడుంది.

సాంతో నవ్వాడు. "పావుగంట ముచ్చటకి పటం కూడానా అమ్మా!"

"నాదని చెప్పమన్నావుగా బావా. అంతోనివారు లేకుండా నా ఆవెలా అవుద్ది?"

నేను పిల్లనూ గుడ్డనూ పట్టుకుని గుమ్మంలోకి వచ్చాను.

దొర వచ్చాడు. వెనకే ఏజెంటు, ఆ పక్కన దుబాసీ గాస్పరో. గాస్పరో మావాడే, కాని తినేది ఏజెంటు ఉప్పు. దొర వాలకం చూస్తే ఆవుకీ ఎద్దుకీ తేడా తెలిసినవాడిలా లేడు. జేబులోంచి పుస్తకం తీశాడు.

"ఈ ఆవు ఎవరిదని అడుగుతున్నారు" అన్నాడు గాస్పరో.

"నాదే. రాసుకోమను" అంది ఒర్సొలీనా.

దొర రాసుకున్నాడు.

"నా పేరు కూడా రాశాడా?"

"రాశారులే. ఇక ఊరుకో."

"మరి పాలెన్నిస్తుందో అడగడేం?" అంటూనే ఆమె గిన్నె తీసుకుని పొదుగు దగ్గర కూర్చుంది.

ఏజెంటు మొహాన కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. దొర ముందు ఏమనగలడు? మూడిళ్ళలో ఎవరూ ముట్టని పొదుగు, గిన్నె అడుగున ధారలు మోగాయి. నేను గుడ్డ కొస ఆ పాలలో ముంచి జెమ్మ నోట్లో పెట్టాను. ముందు దానికి తెలియలేదు. తెలిశాక గుడ్డతో పాటు నా వేలు కూడా పట్టేసింది, వదలదే! నాకు ఏడుపొచ్చేసింది.

దొర సంతోషంగా తలూపి ముందుకు కదిలాడు. ఏజెంటు వెళుతూ వెళుతూ సాంతోకి కనుసైగ చేశాడు. తర్వాతి ఇల్లు మాదే.

సాంతో తాడు విప్పబోయాడు. ఒర్సొలీనా ముడి మీద చెయ్యి వేసింది.

"ఎవరి ఆవు బావా?"

"వేళాకోళానికి వేళా పాళా ఉండాలి. వదులు."

"ఏజెంటు గారు నాదని చెప్పమన్నారు, చెప్పాను. దొర రాసుకున్నాడు. ఇంకెవరు కాదంటారు?"

"మా పొట్ట కొడతావేంటి? రేపు పనిలోకి రావద్దంటే నా పిల్లల్ని నువ్వు సాకుతావా?"

"నీ పిల్లలు రొట్టె నమలగలరు బావా. నా పిల్లకి పళ్ళే లేవు."

నేనూ బతిమాలాను. "ఒసేయ్, నీకు దణ్ణం పెడతానే! పాలు పితుక్కున్నావుగా, ఇచ్చెయ్యవే."

"రేపో అక్కా?" అంది.

అంతే అంది. పిల్లను ఆమె చేతికిచ్చి, ఇద్దరినీ చెరో కొసా పట్టుకున్న తాడుతో వదిలేసి, గట్టు దారిన ఇంటికి పరిగెత్తాను. దారంతా దాన్ని తిట్టుకుంటూనే ఉన్నాను. దాని మొండితనం మండిపోను, మా నోటి దగ్గర కూడు లాగేస్తోంది అనుకున్నాను.

నేను గుమ్మంలోకి వెళ్ళడం, దొర రావడం ఒక్కసారే అయింది. ఏజెంటు ఏటి వైపు చూశాడు. ఆవు లేదు. దొర ఏదో అడిగాడు.

గాస్పరో గొంతు తగ్గించాడు. "ఏటవతల మేస్తోందని అను. మిగతాది నేను చూసుకుంటాను. సాంతో పని గురించి ఆలోచించుకో."

నా ముగ్గురు పిల్లలూ గుమ్మంలో నిలబడి నా మొహంలోకే చూస్తున్నారు. వేలికి ఇంకా పాల వాసన వేస్తోంది. నేను నోరు తెరవకముందే గాస్పరో దొరకి ఏదో చెప్పేస్తున్నాడు. దొర పెన్సిలు కాగితం మీద పెట్టాడు.

వాళ్ళ భాషలో నాకు వచ్చినవి స్టోరులో నేర్చిన నాలుగు ముక్కలు. ఆ పెన్సిలుకి అడ్డంగా చెయ్యి పెట్టాను.

"నో" అన్నాను. "కౌ, వన్."

ఒక వేలు చూపించాను. ఆ వేలే ఒర్సొలీనా గుడిసె వైపు చాపాను. తర్వాత ఊళ్ళో ఇళ్ళన్నిటి వైపూ చెయ్యి తిప్పి, మళ్ళీ ఆ ఒక్క వేలే చూపించాను.

"పిచ్చెక్కిందా నీకు! ఏం చేస్తున్నావో తెలుసా?" గాస్పరో పళ్ళు కొరికాడు.

"తెలుసు. ఇప్పుడైనా ఉన్నదున్నట్టు చెప్పు. ఊరంతటికీ ఒకటే ఆవు. అది ఒర్సొలీనాది, దొరే రాసుకున్నాడు."

దొర పుస్తకం వెనక్కి తిప్పాడు. ఒక పేజీ చూశాడు, ఇంకో పేజీ చూశాడు. తలెత్తి ఏజెంటుని ఏదో అడిగాడు. ఏజెంటు ఆయన్ని వదిలి నా వైపు చూశాడు. ఆ చూపు తెలియడానికి దుబాసీ అక్కర్లేదు.

అంతలో గట్టు దారిలో అడుగుల చప్పుడైంది. అందరం అటు తిరిగాం. సాంతో వస్తున్నాడు, తడిసి ముద్దయి. వెనక ఆవు లేదు. తాడు కూడా ఆమెకే వదిలేసినట్టున్నాడు, చేతులు ఖాళీగా ఉన్నాయి. ఏజెంటు పేరు పెట్టి పిలుస్తున్నా అటు చూడకుండా, వచ్చి నా పక్కన నిలబడ్డాడు.