తొమ్మిదో గడిలో మా అక్క

మా అక్క అప్పలనరసమ్మ జీవితంలో ఏ పనీ హఠాత్తుగా చేసి ఎరగదు. ఎడమ మోకాలు బిగుసుకుపోయి పదేళ్లయింది. పీట మీంచి లేవాలంటే ముందు గోడ పట్టుకోవాలి, తర్వాత నన్నో దేవుణ్నో తిట్టుకోవాలి, ఆపైన లేవాలి. రోడ్డు దాటాలంటే అటూ ఇటూ నాలుగేసిసార్లు చూసి, దూరంగా సైకిలు ఒక్కటి కనబడ్డా ఆగిపోయి, వెనకున్నవాళ్లందరికీ విసుగు పుట్టించిగానీ దాటేది కాదు. అలాంటి మనిషి 1986 నవంబరులో ఒక పొద్దున్న రాయ్‌పూర్ శివార్లలోని బీర్‌గావ్ మలుపులో బియ్యం లారీ కింద పడి పోయింది. ఠాణా కాగితంలో ఏం రాశారో తెలుసా? ‘అచానక్ సామ్నే ఆ గయీ’ అని. హఠాత్తుగా ఎదురొచ్చిందట!

ఆ కాగితం నా టేబుల్ మీదికే వచ్చింది. రాక ఎక్కడికి పోతుంది? రాయ్‌పూర్‌లో ఒక సర్కారు ఆఫీసులో రోడ్డు ప్రమాదాల వివరాలు చూసే గుమాస్తాని నేను. కొండలరావు అంటే ఎవరికీ తెలియదు, కొండల్ బాబూ అంటే ప్రతి ఠాణాకీ తెలుసు. జిల్లాలో ఎవరు ఏ బండి కింద పడ్డా పద్నాలుగు గడుల ఫారం ఒకటి నాకు చేరాలి. ఏడాది చివర వాటన్నిటినీ కలిపి, ప్రమాదాలు పెరిగాయా తగ్గాయా, పెరిగితే ఎందుకు పెరిగాయి అని నేను అప్పటి మా రాజధాని భోపాల్‌కి పంపాలి. మొదటి గడిలో తేదీ, రెండో గడిలో చోటు, అలా వెళ్తే తొమ్మిదో గడి కారణం. మా అక్క తొమ్మిదో గడిలో ఆ ముక్క ఉంది.

దాచి లాభం లేదు, ఇప్పుడే చెప్పేస్తాను. ఆ ముక్క నాది.

1974లో ఈ తొమ్మిదో గడి నా ప్రాణం తీసింది. కొన్ని ఠాణాల వాళ్లు దాన్ని ఖాళీగా వదిలేసేవారు. కొందరు మున్షీలు, అంటే ఠాణాలో రాతపని చూసేవాళ్లు, అందులో పురాణం రాసేవారు. ఒకాయన లారీకి అడ్డొచ్చిన గేదె ఎవరిదో, దాన్ని ఏ సంతలో కొన్నారో కూడా రాశాడు. భోపాల్ నుంచి ఫారాలు తిరిగొచ్చేవి, నాకు తిట్లు పడేవి. విసిగిపోయి ఒక నమూనా కాగితం తయారుచేశాను. స్టెన్సిల్ కోసి, సైక్లోస్టైల్ మీద కాపీలు తీయించి, కింద సంతకం పెట్టి అన్ని ఠాణాలకూ పంపాను. తొమ్మిదో గడిలో రాయడానికి మూడు వాక్యాలు ఇచ్చాను. హఠాత్తుగా ఎదురొచ్చాడు. తాగి ఉన్నాడు. తన పొరపాటు వల్ల తానే పడ్డాడు.

చూశారుగా, మూడింట్లోనూ తప్పు చచ్చినవాడిదే. డ్రైవరుదంటే డ్రైవరు గొడవ చేస్తాడు, వాడి వెనక లారీ యజమాని వస్తాడు. రోడ్డుదంటే ఇంజినీరు పది పేజీల జవాబు రాస్తాడు. చచ్చినవాడు మాత్రం నోరెత్తడు. ఆ తర్వాత పన్నెండేళ్లు భోపాల్ నుంచి ఒక్క ఫారం తిరిగి రాలేదు. కొండల్ బాబు టేబుల్ మీద తలనొప్పి ఉండదని పై అధికారులు మెచ్చుకునేవారు. నేను పొంగిపోయేవాణ్ని, సిగ్గులేని వెధవని.

అయినా అక్క కాగితం చూసినప్పుడు నాకు కోపం నా మీద రాలేదు. మనిషి బుద్ధి అంతే. ఆ ఫారం నింపిన మున్షీ బిసాహూరామ్ మీద వచ్చింది. వాడు కుర్చీలోంచి లేవకుండా, మలుపు దాకా పోకుండా, నా అక్కని, తల్లి పోయాక నన్ను చంకనేసుకుని పెంచినదాన్ని, తప్పుచేసిన దాన్నిగా రాసేశాడు. ఆ రాత చూపించి లారీ డ్రైవరు సాయంత్రానికల్లా ఇంటికెళ్లి అన్నం తిన్నాడు. బిసాహూ నౌకరీ ఊడగొట్టాలి, వాడు రోడ్డున పడాలి, అంతవరకూ నాకు నిద్ర లేదు అనుకున్నాను. పన్నెండో రోజు కార్యం అయిపోగానే సైకిలెక్కి బీర్‌గావ్ వెళ్లాను.

ఆ మలుపులో టీ దుకాణం దగ్గర అచ్చయ్య దొరికాడు. మావాడే, మాలాగే పాలకొండ వైపు నుంచి వలసొచ్చిన మనిషి, ఫ్యాక్టరీలో ఫిట్టరు. మా అక్క ఆ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లోనే రొట్టెలు చేసేది. అంతా కళ్లారా చూసినవాడు అతను.

“అప్ప తప్పేటీ నేదు బావూ,” అన్నాడు. “రోడ్డు మీద నడవనేదు, కింద మట్టిలో నడుస్తంది. ముందో ట్రాక్టరుంది. దాన్ని దాటీడానికి లారీవోడు మట్టిలోకి దిగిపోనాడు. అప్ప ఎనక్కి సూసింది గానీ, ఆ కాలితోటి ఏటి పరిగెడతాది?”

“ఠాణా నుంచి ఎవరైనా వచ్చి అడిగారా?”

“ఎవులడుగుతారు? అప్ప చెప్పులట్టుకుని మజ్జాన్నం దాకా నిలబడ్డాను. పొద్దుటి షిఫ్టు పోయింది. ఎవులూ రానేదు.” అచ్చయ్య గ్లాసు కింద పెట్టాడు. “నా కూతుర్నీ ఇక్కడే ఇంకో లారీవోడు కొట్టీసినాడు, ఎనభైలో. ఆ కాయితంలో ఏటి రాసినారో తెలుసా? తాగుందంట. ఆరేళ్ల పిల్ల బావూ. ఆ మాట ముందు ఎవుడు రాసినాడో ఆడి సెయ్యి ఇరిగిపోవాల.”

నా చెయ్యి జేబులో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో అతనికి తెలియదు.

మర్నాడు ఆఫీసులో బీరువా తెరిచి 1980 కట్ట తీశాను. ఫారం దొరికింది. పేరు, తండ్రి అచ్చయ్య, వయసు ఆరు, కారణం తాగి ఉన్నాడు. ‘ఉన్నాడు’ని ‘ఉంది’ అని మార్చే ఓపిక కూడా లేదు బిసాహూకి. నమూనాలో ఎలా ఉందో అలా దించేశాడు. దాని పక్కన ఎర్ర పెన్సిల్‌తో ఒక టిక్కు, కింద నా పొడి సంతకం. నేను చదివి, సరిపోయిందని పంపిన కాగితం అది. బీరువాలోంచి మిగతా కట్టలన్నీ దించాను.

నెలరోజులు అదే పని. ఆ ఒక్క మలుపులోనే పన్నెండేళ్లలో నలభై ముగ్గురు పోయారు. మొదటి ఏళ్లలో ఏడాదికి ఒకరో ఇద్దరో, ఫ్యాక్టరీలు వచ్చాక నలుగురు, చివరి రెండేళ్లలో ఏడుగురేసి. ముప్ఫైతొమ్మిది మంది హఠాత్తుగా ఎదురొచ్చారు, నలుగురు తాగి ఉన్నారు. రోడ్డు లోపం అనే గడిలో నలభై మూడు సున్నాలు. ఆ సున్నాలు చూసి కూడా నాకు అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. తప్పంతా చచ్చినవాళ్లదే అయితే ఆ మలుపును బాగుచేయాల్సిన పని ఎవరికి? అక్కడ దీపం లేదు, నడిచేవాళ్లకి దారి లేదు, బండ్ల జోరు తగ్గించే దిబ్బ లేదు. అడగాల్సిన కాగితం నేనే పంపాలి. ఏటా అంతా బాగుందని పంపాను. అక్క ఆ మట్టిలో నడిచింది అందుకే.

అప్పుడైనా బిసాహూ మీద కోపం తగ్గిందా? లేదు. ఇంకా పెరిగింది. ఠాణాకి వెళ్లి వాడి టేబుల్ ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు లేవలేదు. టేబుల్ అద్దం కింద పసుపు పచ్చగా మారిన కాగితం మీద వేలు పెట్టాడు. నా నమూనా. నా సంతకం.

“కొండల్ బాబూ, మీరు రాసిచ్చిందే నేను రాశాను,” అన్నాడు హిందీలో, మెల్లిగా. “ఒకసారి నిజం రాస్తే మీరే తిప్పి పంపారు, గుర్తుందా? నమూనా ప్రకారం రాయమని. అది మీ దీదీ అని నాకు తెలిస్తే అలా రాస్తానా?”

“మా దీదీ కాకపోతే రాస్తావన్నమాట.”

వాడు నమూనా మీంచి వేలు తీసి, ముందున్న రిజిస్టరు తెరిచాడు.

జనవరిలో జిల్లాకి కొత్త అధికారి వచ్చాడు. కుర్రాడు, పట్టుదల మనిషి. జిల్లాలో ప్రమాదాలు ఎందుకిలా పెరిగిపోతున్నాయని మున్షీలందర్నీ, రోడ్ల ఇంజినీరునీ పిలిచి మీటింగు పెట్టాడు. వివరాలు చదవాల్సింది నేను. ఆ మాట ఎలా తెలిసిందో, ముందురోజు పొద్దున్నే బిసాహూ మా ఇంటికొచ్చాడు. అద్దం కింది కాగితం మడిచి తెచ్చాడు.

“దీన్ని చింపేద్దాం. మీ దీదీ ఫారం నేను మార్చి రాసిస్తాను, డ్రైవరు తప్పని. సాక్షిని కూడా రాస్తాను. మిగతా పాత కట్టలు మీరు విప్పకండి. నాకు ముగ్గురు ఆడపిల్లలు, బాబూ.”

“చింపొద్దు, నాకిచ్చెయ్,” అన్నాను.

చింపడం నా చేతులతోనే చేస్తాననుకున్నాడు పిచ్చివాడు. ఇచ్చేసి, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. వాడు వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూశాను. నా గుండె ఎంత హాయిగా కొట్టుకుందో చెప్పలేను. దొరికావురా, అనుకున్నాను.

మా ఆవిడ ఊర్మిళ వంటింట్లోంచి అంతా విన్నది. టీ గ్లాసు నా ముందు టపీమని పెట్టింది.

“రేపు మీరేటి సేత్తారో నాకు తెలుసు. నాలుగేళ్లల్ల రిటైరవుతారు. ఆ కాయితం మీద మీ సంతకవుంది. ఆడితోపాటు మీరూ పోతారు. ఒదినగారి ఫారం మారుస్తానంటన్నాడు కదా, ఒప్పుకోండి. అంతకన్నా ఏటి కావాల?”

“మారిస్తే మా అక్కది మారుతుంది. మరి అచ్చయ్య కూతురు?”

“అచ్చయ్య ఎవులు మీకు?”

“ఎవరూ కాదు. వాళ్ల పిల్ల తాగి ఉందని టిక్కు పెట్టాను.”

ఊర్మిళ మర్నాడు నా చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది.

మీటింగులో బిసాహూ రెండో వరసలో కూర్చున్నాడు. నన్ను చూసి చిన్నగా నవ్వాడు. ఇంజినీరు ముందు వరసలో కాలు మీద కాలేసుకున్నాడు. నేను లేచి బీర్‌గావ్ మలుపు ఒక్కటే తీసుకున్నాను. నలభైమూడు ఫారాలూ ఒక్కొక్కటే చదివాను. పేరు, వయసు, తొమ్మిదో గడి. హఠాత్తుగా ఎదురొచ్చాడు. హఠాత్తుగా ఎదురొచ్చాడు. పదో పేరు దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ఇరవయ్యో పేరు దాటాక అధికారి పెన్ను తీసి లెక్క రాసుకోవడం మొదలెట్టాడు. ఆరేళ్లు, తాగి ఉన్నాడు, అని చదివినప్పుడు అధికారి తలెత్తాడు.

“మళ్లీ చదవండి.”

మళ్లీ చదివాను.

“ఈ ఫారం నింపిందెవరు?”

బిసాహూ లేచి నిలబడ్డాడు. మొహంలో నెత్తురు లేదు. నా వైపు చూస్తున్నాడు. రెండు నెలలుగా నేను ఎదురుచూసిన చూపు అది. కడుపు నిండింది నాకు. నిజం చెప్పాలంటే అక్కడితో ఆగిపోవచ్చు. కాగితం నా జేబులో ఉంది, దాని సంగతి ఆ గదిలో మా ఇద్దరికే తెలుసు. మిగతా ఠాణాల్లో పాత మున్షీలు పోయి కొత్తవాళ్లొచ్చారు, ఆ కాపీలు ఏనాడో పోయాయి. వాడొక్కడూ మునుగుతాడు, నేను వివరాలు బయటపెట్టిన మంచివాణ్నవుతాను. అక్క కేసు తిరగదోడతారు. పింఛను నాకు వస్తుంది.

చివరి ఫారం మిగిలింది. అప్పలనరసమ్మ, అరవైరెండు, హఠాత్తుగా ఎదురొచ్చింది.

చదివాను. చదివి జేబులోంచి నమూనా తీసి అధికారి ముందు పెట్టాను.

“నింపింది అతను సార్. ఈ చివరి మనిషి మా అక్క, ఆమెదీ అతనే నింపాడు. చోటుకి వెళ్లకుండా, ఎవర్నీ అడక్కుండా, కుర్చీలోంచి కదలకుండా నింపాడు. ఏం రాయాలో నేర్పింది నేను. ఈ వాక్యాలు నావి, సంతకం నాది. నిజం రాసిన ఫారం తిప్పి పంపింది నేను. వాటిని నమ్మి ఆ మలుపులో రాయి కదపకుండా కూర్చుంది ఈ ఇంజినీరు గారు.”

ఇంజినీరు కాలు దించాడు. అధికారి కాగితం రెండువైపులా తిప్పి చూశాడు. తర్వాత బిసాహూనీ నన్నూ అక్కడికక్కడే సస్పెండ్ చేశాడు. మలుపును కొలిచి వారంలో రిపోర్టు ఇవ్వమని ఇంజినీరుకి చెప్పాడు. నలభైమూడు కేసులూ మళ్లీ విచారించమన్నాడు. ఆ కట్టలు నా చేతుల్లోంచి ఎవరో తీసుకున్నారు.

వరండాలో బిసాహూ స్తంభానికి ఆనుకుని ఏడుస్తున్నాడు. నన్ను చూడగానే చొక్కా పట్టుకున్నాడు.

“నన్ను ముంచాలనుకున్నారు, ముంచారు. సరే. మిమ్మల్ని మీరెందుకు ముంచుకున్నారు? నోరు మూసుకుంటే బతికిపోయేవారు కదా!”

వాడి వేళ్లు ఒక్కొక్కటే విడదీశాను.

“మా అక్కని చంపినవాళ్లలో నువ్వు రెండోవాడివి మున్షీజీ. మొదటివాణ్ని వదిలేసి, నీ ఒక్కడి పీకే పిసికి ఇంటికెళ్తే, దాని ఫొటో ముందు దీపం పెట్టనిస్తుందా అది నన్ను?”