గంట మోగాక పడిన గోల్

పెద్దదీవి ఆటగాళ్ల చేత కదల్లేనంత తినిపించాలన్నది సేమేసీ పథకం. వాళ్లు ముందురోజే పడవ దిగారు. ఆట మధ్యాహ్నం మూడింటికి. పొద్దున్నే సభాశాలలో చాపలు పరిపించి, కొబ్బరిపాలలో ఉడికించిన దుంపలు, కాల్చిన సీమపనస, చేపలు, పందిమాంసం కుప్పలుగా పెట్టించాడు. మోతుఫాలా దీవి జాతీయ ఫుట్‌బాల్ జట్టుకి కోచ్‌గా ఇన్నేళ్లలో అతనికి తట్టిన తెలివైన ఆలోచన అదొక్కటే. అది కూడా బెడిసికొట్టింది. పెద్దదీవి కోచ్ తన కుర్రాళ్లని రెండేసి ముక్కలు తిననిచ్చి లేపేశాడు. తాను మాత్రం తీరిగ్గా కూర్చుని, అడిగి వడ్డించుకుని మరీ తిన్నాడు. అతిథి తింటున్నంతసేపూ ఇంటివాళ్లు చెయ్యి కడుక్కోకూడదు కాబట్టి, ఆయనతోపాటు మోతుఫాలా జట్టు మొత్తం తింటూనే ఉంది.

"ఒరేయ్ ఫైవా, ఆ దుంప అవతల పెట్టరా," అని సేమేసీ పళ్ల బిగువున అన్నాడు. ఫైవా గోల్‌కీపర్. సేమేసీకి స్వయానా అక్క కొడుకు.

"ఆయనింకా తింటన్నాడు గదా మావయ్యా. మనం లేస్తే ఏం బావుంటది?"

"ఆయన ఆడడురా. ఆడేది నువ్వు."

"అయినా అతిథే గదా," అని ఫైవా ఇంకో దుంప తీసుకున్నాడు.

సేమేసీ తల పట్టుకున్నాడు. ఈ జట్టులో సగంమంది మేనల్లుళ్లు, మిగతా సగం తోడల్లుడి తాలూకు వాళ్లు. గట్టిగా ఒక మాటంటే సాయంత్రానికల్లా ఏ అక్కో వదినో గుమ్మంలోకి వచ్చి కూర్చుంటుంది. వాళ్లకి ఆట రాదా అంటే వస్తుంది. పరుగు ఉంది, కాలిలో బలం ఉంది. లేనిదల్లా పంతం. గెలవాలన్న దుగ్ధ ఒక్కడికీ లేదు. ఆ దుగ్ధ అంతా తనొక్కడే మోయాల్సి వస్తోందని అతని బాధ.

మోతుఫాలా జట్టు ఇంతవరకూ ఆడిన అంతర్జాతీయ ఆటలన్నిటి చిట్టా సేమేసీకి నోటికి వచ్చు. నోటికి రావడానికి అందులో పెద్దగా ఏమీ లేదు. అన్నీ ఓటములే. మొదటి ఆటలో సగం అయ్యాక విరామంలో తీరం దగ్గర చేపల గుంపు వచ్చిందని కబురొస్తే, అప్పటి గోల్‌కీపరు ఇప్పుడే వస్తానని పడవెక్కి వెళ్లిపోయాడు. ఇంకో ఆటకి తేదీ రేఖ దాటి వెళ్లాల్సి వచ్చింది. సంఘం కార్యదర్శి క్యాలెండరు చూసి టిక్కెట్లు కొన్నాడు గాని, దారిలో ఒక రోజు మాయమవుతుందని మరిచిపోయాడు. జట్టు దిగేసరికి ఆట నిన్నే అయిపోయింది. ఆడకుండానే మూడు గోల్స్‌తో ఓడినట్టు రాసుకున్నారు. మరో ఆటలో కెప్టెన్ ఉవోటా అవతలివాణ్ని పడదోసి, అయ్యో అని లేవదీసి, బట్టలకంటిన ఇసుక దులుపుతూ నిలబడ్డాడు. ఈలోగా బంతి అతని పక్కనుంచే వెళ్లి గోల్లో పడింది. అయిందానికీ కానిదానికీ దేశాల జాబితాలు వేసే వెబ్‌సైట్లలో మోతుఫాలా పేరు ఎప్పుడూ అట్టడుగునే ఉంటుంది. గెలుపులు అన్న గడిలో సున్నా. ఆ సున్నా చూస్తే అతనికి తన మొహం చూసుకున్నట్టే ఉంటుంది.

అసలు సంగతేమిటంటే, ఇదే అతని ఆఖరి ఆట. వచ్చే ఏడాది నుంచి బయటి దేశం కోచ్ వస్తున్నాడు. ఆ వచ్చేవాడు ఎలాగూ గెలిపిస్తాడు. అప్పుడు జనం, చూశారా, సేమేసీ పోయాకే బాగుపడ్డారు అంటారు. అలా అనిపించుకోకుండా పోవాలంటే ఈ పూట గెలవాలి. ఒక్కసారి. ఎలాగైనా సరే.

మూడయింది. ఆట మొదలు కాలేదు. ఆటని పర్యవేక్షించడానికి సమాఖ్య పంపిన అధికారి విల్మాట్ విమానంలో రావాలి. విమానం ఆలస్యం. మైదానం రన్‌వేని ఆనుకునే ఉంటుంది కాబట్టి, విమానం దిగేదాకా అక్కడ ఎవరూ అడుగు పెట్టకూడదు. జనం గట్టు మీద చాపలేసుకుని కూర్చున్నారు. పాస్టరుగారు గొడుగు కింద చేరారు. చర్చి గంట కొట్టే ముసలి తోఫీగా డబ్బా ఒకటి ఒళ్లో పెట్టుకుని, ఆట లేకపోయినా వాయిస్తూ జట్టుకి హుషారు పాటలు పాడుతున్నాడు. ఎవరికీ తొందర లేదు. సేమేసీ ఒక్కడే గట్టు పొడుగునా అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"కూర్చోవయ్యా, నువ్వు తిరిగితే విమానం వస్తదా?" అంది అతని భార్య మలేలీ.

"మూడింటి ఆటేనా ఇది?"

"రేపెవరికైనా పనుందా ఏంటి. చీకటి పడేలోపు అయిపోతదిలే."

విమానం వచ్చి, విల్మాట్ దిగి, చేతులు కలిపి, మెడలో పూలదండలు వేయించుకుని, రిఫరీ ఈల ఊదేసరికి ఎండ పసుపురంగుకి తిరిగింది.

ఆట మాత్రం, ఎందుకో మరి, బ్రహ్మాండంగా సాగింది. తిన్నది అరిగిపోవడానికి విమానం ఆలస్యమే మేలు చేసిందేమో. పెద్దదీవి వాళ్లు కొట్టిన ప్రతి బంతినీ ఫైవా చేపని పట్టినట్టు పట్టేశాడు. రెండో సగంలో ఒక బంతి పెద్దదీవి గోల్ స్తంభానికి తగిలి వెనక్కొచ్చి, అక్కడే నిలబడి జుట్టు సరిచేసుకుంటున్న ఉవోటా మొహానికి కొట్టుకుని లోపలికి పోయింది. ఉవోటా ముక్కు పట్టుకుని కింద కూర్చున్నాడు. జనం లేచి చిందులు తొక్కారు. తోఫీగా డబ్బా సొట్టలు పడిపోయింది. సేమేసీ చిందు తొక్కలేదు. ఇంకా ఎంతసేపుందో లెక్క చూసుకుంటున్నాడు.

"వెనక్కి రండ్రా. అందరూ వెనక్కి. ఒరేయ్ ఉవోటా, ఎవణ్నీ లేవదీయకు. పడితే పడి ఉండనీ."

ఉవోటా నవ్వాడు గాని, చెప్పినట్టే చేశాడు. జీవితంలో మొదటిసారి ఈ కుర్రాళ్లు అతను చెప్పినట్టు చేస్తున్నారు. పది నిమిషాలు మిగిలాయి. సూర్యుడు నీళ్లని తాకాడు. తోఫీగా డబ్బా పక్కన పెట్టి, పంచె దులుపుకుని, చర్చి వైపు నడుచుకుంటూ పోయాడు. అతను వెళ్లడం అందరూ చూశారు. రోజూ ఆ వేళకి అతను వెళ్తాడు కాబట్టి, చూసీ ఎవరూ పట్టించుకోలేదు. సేమేసీ కూడా పట్టించుకోలేదు.

చర్చి ముందు సీమపనస కొమ్మకి గంటగా కట్టిన పాత గ్యాస్ సిలిండర్ ఖంగుమని మోగింది.

మోతుఫాలాలో ఆ మొదటి గంటకి ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోతారు. మోటారు సైకిలు మీద పోతున్నవాడు దిగుతాడు, నీళ్లు తోడుతున్నామె చేద వదిలేస్తుంది. రెండో గంట మోగేదాకా అందరూ తల దించుకుని సాయంకాల ప్రార్థన చేసుకుంటారు. అలవాటైన ఒళ్లు ఆలోచించదు. జట్టు పదకొండుమందీ ఉన్నచోటే గడ్డిలో కూర్చుని కళ్లు మూసుకున్నారు. ఫైవా గోల్ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. గట్టు మీద జనమంతా తలలు వంచారు. మైదానంలో ఒక్క శబ్దం లేదు.

పెద్దదీవి వాళ్లు బిత్తరపోయి నిలబడ్డారు. వాళ్లలో ఒకడి కాళ్ల దగ్గరే బంతి ఉంది. వాడు రిఫరీ వైపు చూశాడు. రిఫరీ పరాయి దేశస్థుడు. ఈల ఊదలేదు, ఎందుకు ఊదాలో ఆయనకి తెలియదు. "ఆడరా," అని వాళ్ల కోచ్ కేకేశాడు. వాడు కూర్చున్నవాళ్ల మధ్య నుంచి, ఎవరి మీదా పడకుండా జాగ్రత్తగా నడుచుకుంటూ వచ్చి, ఫైవా పక్క నుంచి బంతిని మెల్లగా లోపలికి తోశాడు.

రెండో గంట మోగింది. దీవి కళ్లు తెరిచింది. బంతి వలలో ఉంది.

ఆ తర్వాత మిగిలిన కాసేపట్లో ఏమీ జరగలేదు. ఒకటి, ఒకటి. సమానం.

సేమేసీ మైదానంలోకి దూసుకొచ్చాడు. వచ్చాక నోరు ఆగలేదు. "ఎవడు కూర్చోమన్నాడ్రా మిమ్మల్ని? ప్రపంచంలో ఎక్కడైనా ఉందా ఇది? పది నిమిషాలు, పదే పది నిమిషాలు కళ్లు తెరుచుకుని ఉంటే మీ సొమ్మేం పోయింది?"

"గంట కొట్టారు గదా మావయ్యా," అన్నాడు ఫైవా, అదేదో సమాధానమైనట్టు.

అంతకంటే పెద్ద చిరాకు సభాశాలలో ఎదురైంది. జనం పండగ చేసుకుంటున్నారు. ఓడకుండా ముగిసిన మొదటి ఆట ఇదే కదా అని ఆడవాళ్లు పూలు గుచ్చారు, మొగవాళ్లు చెక్కపెట్టె చుట్టూ చేరి దరువేస్తూ నాట్యం మొదలుపెట్టారు. పెద్దదీవి వాళ్లకి కూడా దండలే. గోల్ వేసినవాడికైతే ఉవోటా వాళ్లమ్మ రెండు దండలు వేసింది. గోల్ వేశాక వాడు సిగ్గుపడిపోతున్నాడని ఆమెకి జాలి.

పాస్టరుగారు సేమేసీ పక్కన కూర్చుని మెల్లగా అన్నారు: "ఒక్కమాట చెప్పి ఉంటే గంట కాసేపు ఆపించేవాణ్ని కదయ్యా. దేవుడికేం తొందర?"

"మీరు పక్కనే ఉన్నారు గదండీ."

"ఉన్నాను. నాకూ తట్టలేదు. ఆటలో పడిపోయాను."

సేమేసీ లేచి దూరంగా వెళ్లి కూర్చున్నాడు. మెడ చుట్టూ దండలతో ఊపిరాడకుండా ఉన్న విల్మాట్ వెతుక్కుంటూ అక్కడికే వచ్చాడు. మంచి మనిషి, దీవుల్లో తిరిగి తిరిగి ఇక్కడి భాష కూడా నేర్చుకున్నాడు.

"సేమేసీగారూ, ఒక దారి ఉంది," అన్నాడు. "బయట నుంచి వచ్చిన ఏదైనా చప్పుడు వల్ల ఒక జట్టు ఆట ఆగిపోయిందనుకున్నప్పుడు పడిన గోల్‌ని కొట్టేయొచ్చు. గట్టు మీద ఎవడో ఈల ఊదితే కొట్టేస్తాం కదా, అలాగన్నమాట. మీరు ఫిర్యాదు చేస్తే చాలు. నోటితో చెప్పండి, నేను రాసుకుంటాను. అవతలి కోచ్‌తో మాట్లాడాను, ఆయన అడ్డు చెప్పనన్నాడు. ఆయనకి కూడా ఈ గోల్ నచ్చలేదు."

సేమేసీ ముందుకి జరిగాడు. "అంటే మేం గెలిచినట్టేనా?"

"ఒకటి, సున్నా. రేపు పొద్దున విమానం ఎక్కేలోపు పంపేస్తాను."

దరువు ఆగింది. మాట ఎలా పాకిందో గాని, జనమంతా వీళ్లిద్దరి వైపే చూస్తున్నారు. ఫైవా, ఉవోటా దగ్గరికొచ్చి నిలబడ్డారు. సేమేసీకి గెలుపు గడిలో ఒకటి అంకె కనిపించింది, పక్కన తన పేరు కూడా.

"ఫిర్యాదు చేస్తున్నానండీ. ఆ చప్పుడు వల్లే మావాళ్లు ఆగిపోయారు. ఈల అనుకున్నారు, ఆట ఆగిందనుకున్నారు. రాసుకోండి."

విల్మాట్ రాసుకున్నాడు. "సరే. ఒక్క ప్రశ్న, ఇది అడగాలి కాబట్టి అడుగుతున్నాను. గోల్ పడినప్పుడు మీరు కోచ్ నిలబడే గీత దగ్గరే ఉన్నారు కదా. బంతి లోపలికి వెళ్తుంటే ఆపమని రిఫరీకి ఎందుకు చెప్పలేదు?"

సేమేసీ ఫైవా వైపు తిరిగాడు.

"మీరు చూడలేదా?"

"లేదండీ."

"ఎటు చూస్తున్నారు?"

ఫైవా నేల చూపులు చూస్తున్నాడు. మావయ్య కూడా కూర్చుని కళ్లు మూసుకున్న సంగతి వాడికి తెలుసని సేమేసీకి అర్థమైంది. తెలిసీ, ఇందాక అన్ని తిట్లు తింటూ, వాడు ఆ మాట అనలేదు.

"కళ్లు మూసుకున్నానండీ," అన్నాడు సేమేసీ.

"మీరు కూడా ఈల అనుకున్నారా?"

ఔనంటే చాలు. పెదవుల దాకా వచ్చింది. కానీ ఊరంతా ఎదురుగా ఉంది, ముసలి తోఫీగా కూడా ఉన్నాడు. తను పుట్టిన దగ్గర్నుంచీ ఆ గంటని ఈల అనుకున్న రోజు ఒక్కటి కూడా లేదు.

"లేదు. ప్రార్థన గంటని తెలుసు. అందరికీ తెలుసు."

విల్మాట్ కలం ఆపాడు. రాసిన వాక్యం కొట్టేయాలా అన్నట్టు చూశాడు. సేమేసీ తల ఊపాడు, కొట్టేయమని.

"పోనీలే మావయ్యా," అన్నాడు ఫైవా అతని పక్కన చతికిలబడి. మళ్లీ తనే అడిగాడు. "అయినా అంత ఆట మధ్యలో నువ్వేం ప్రార్థన చేశావు?"

సేమేసీ మేనల్లుడి మొహంలోకి చూడలేదు.

"గెలిపించినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాన్రా," అన్నాడు.