నీలిరంగు దూలం

మే పద్నాలుగో తేదీ, మధ్యాహ్నం రెండు గంటల ఇరవై నిమిషాలు. నలభై ఆరు డిగ్రీల ఎండ. ఆకు కదిలేంత గాలి కూడా లేదు. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో అప్పుడే బ్లాస్టింగు జరిగి, బసంత్‌నగర్ రోడ్డు మీది ఆ ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ కిటికీ అద్దాలు ఒకసారి అదిరి ఊరుకున్నాయి. కంప్యూటర్ ల్యాబులో ఫ్యాన్లు చెడిపోయి తిరగడం లేదు. ఫైనలియర్ చదువుతున్న దీప చెమట తుడుచుకుంటూ తెర మీది దూలాన్ని చూస్తోంది. దూలం నడుమ భాగం ఎర్రగా ఉంది.

అది కట్టడాల లెక్కల్లో మొదటి పాఠాలు నేర్చుకునేవాళ్ల కోసం ఎక్కడివారో అధ్యాపకులు తయారుచేసి ఉచితంగా వదిలిన సాఫ్ట్‌వేరు. దూలాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క ఎంత ఒత్తిడికి లోనవుతుందో, ఎంత వంగుతుందో లెక్కగట్టి, రంగుల్లో చూపిస్తుంది. భరించగలిగితే నీలం, హద్దు దాటితే ఎరుపు. పాఠం చెప్పే సుసన్నా మేడం ఈసారి పుస్తకంలోని దూలాన్ని వదిలిపెట్టి, హాస్టల్ మెస్సు కప్పును మోస్తున్న ఇనుప దూలాన్ని కొలుచుకు రమ్మంది. ఆ కప్పు మీద అయిదు వేల లీటర్ల నీళ్ల ట్యాంకు పెట్టబోతున్నారు. కప్పు కింద వంట చేసేది దీప తండ్రి రాయమల్లు.

పొద్దున ఇదే దూలం నీలంగా వచ్చింది. అందుకు కారణం దీప చేసిన పొరపాటు. ఆ పొరపాటుకు కారణం ఆమె పుట్టిన ఇల్లు. రాయమల్లు మెస్సులో చేరకముందు ఇరవై ఏళ్లు భూగర్భ గనిలో కాంట్రాక్టు కూలీ. గనిలో కర్రను నిలబెట్టి, పైన చెక్క చీల దిగగొట్టి, కదలకుండా బిగిస్తేనే దాన్ని సపోర్టు అంటారు. ఆ మాటను ఆమె అన్నంతో పాటు తిని పెరిగింది. సపోర్టు ఏ రకమో చెప్పమని సాఫ్ట్‌వేరు అడిగినప్పుడు, దూలం కొనలు రెండూ బిగించి ఉన్నాయని పెట్టింది.

"గోడ మీద ఊకె కూసున్న దూలాన్ని గోడ పట్టుకుంటదా పిల్లా?" అని నవ్వింది సుసన్నా. "నడుమ వంగితే కొనలు తిరుగుతయి. మీ బాపు గని గాదిది."

దీప సపోర్టు మార్చింది. దూలం ఎర్రబడింది.

కాలేజీ సెక్రటరీ వేణుమాధవ్ అప్పుడే లోపలికి వచ్చాడు. హాస్టలుకు అనుమతి కోసం ఎల్లుండి తనిఖీ ఉంది. కప్పు బరువు మోస్తుందని చూపే కాగితం ఒకటి కావాలి.

"ఏంది మేడం, బొమ్మ అయిందా? బయటి ఇంజనీరు ఇరవై వేలు అడుగుతుండు. మనకు ఫుకట్ల సాఫ్ట్‌వేరు ఉండంగ వానికెందుకు పెట్టాలె?"

"ఎర్రగ వచ్చింది సార్. కింద ఇంకో దూలం వెయ్యాలె."

"పొద్దుగాల నీలంగ వచ్చిందన్నరు గద?"

"అది తప్పు సార్," అంది దీప. "నేనే తప్పు పెట్టిన."

"మొదాల వచ్చిందే మంచిది బిడ్డా. దిద్దినకొద్ది చెడతది." అతను దీప తల నిమిరాడు. "నీలంది ప్రింటు తియ్యి. ఎర్రది తీసెయ్యి."

దీప మేడం వైపు చూసింది. సుసన్నాది ఏడాది కాంట్రాక్టు ఉద్యోగం; ఏటా జూన్‌లో యాజమాన్యం దాన్ని మళ్లీ రాసివ్వాలి.

"తియ్యి దీపా," అంది.

ప్రింటు వచ్చింది. గీసినవారి పేరును ఆ సాఫ్ట్‌వేరు కాగితం మూలన దానంతటదే వేస్తుంది. ఆ మూలన దీప పేరు ఉంది.

తనిఖీకి వచ్చినవాళ్లు నీలిరంగు చూసి వెళ్లిపోయారు. ట్యాంకు కప్పెక్కింది. ఆ సాయంత్రం దీప మెస్సుకు వెళ్లి తండ్రిని పక్కకు పిలిచింది.

"బాపూ, ఆ ట్యాంకి కింద నిలవడకు. ఆ బొమ్మ తప్పు."

"పొయ్యి గాడనే ఉన్నది. నేను అవతల నిలవడితే అన్నం నడుసుకుంట వస్తదా?" రాయమల్లు నవ్వాడు. "నీ పేరున్న కాయితం గోడకు అంటిచ్చిండ్రు బిడ్డా. వచ్చినోనికల్ల చూపిస్తున్న. పెద్దపెద్దోళ్లు చూసిపోయిండ్రు, తప్పెట్లయితది? నీకు ఉత్తగనే ఫికర్."

ఇనుప కడ్డీతో కప్పును తట్టి, మోతను బట్టి అది గట్టిదో కాదో తేల్చుకోకుండా అతను గనిలో ఏనాడూ అడుగు వేయలేదు. ఈ కప్పును మాత్రం తట్టలేదు. దాని కింద కూతురి పేరు ఉంది.

సెలవుల్లో హాస్టలు ఖాళీ కాబట్టి ట్యాంకును సగానికి మించి నింపలేదు. ఆగస్టులో కొత్త పిల్లలు చేరాక మొదటిసారి నిండుగా నింపారు. దూలం నడుమ వంగింది. కొనలు గోడల మీద నుంచి జారాయి. కప్పూ ట్యాంకూ కలిసి పొయ్యి దగ్గర పడ్డాయి. రాయమల్లు రెండు కాళ్లూ మోకాళ్ల పైదాకా తీసేశారు.

సుసన్నా కరీంనగర్ దవాఖానకు ఒక కాగితం తెచ్చింది. విద్యార్థిని ఫుకట్ సాఫ్ట్‌వేరును నమ్మి తప్పు చేసిందనీ, కాలేజీకి అందులో బాధ్యత లేదనీ దాని మీద ఉంది. ఇరవై వేలు మిగిల్చిన 'ఫుకట్' అనే మాటే ఇప్పుడు నేరం మోస్తోంది.

"సంతకం పెట్టు దీపా. దవాఖాన ఖర్చు వాళ్లే పెట్టుకుంటరట. నీ సర్టిఫికెట్లు గూడ రేపే ఇస్తరట," అంది సుసన్నా, మంచం వైపు చూడకుండా.

"పెట్టు బిడ్డా," అన్నాడు రాయమల్లు. "నా కాళ్లు ఎట్లగూ రావు. నీ సదువన్న దక్కనీ."

దీప కాగితాన్ని రెండుసార్లు చదివింది.

"తప్పు నేనే చేసిన మేడం. దిద్దింది గూడ నేనే. మీరు కూసోబెట్టి దిద్దిచ్చిండ్రు. అది గూడ రాయుండ్రి, పెడత."

"అది నేనెట్ల రాస్త?"

"అయితె నేనెట్ల పెడత?"

రాయమల్లు గోడ వైపు తిరగాలని చూశాడు. కాళ్ల ఊతం లేక తిరగలేకపోయాడు.

అతను దసరాకు ముందే పోయాడు. ఇది జరిగి ఆరేళ్లయింది. దీప కమాన్‌పూర్‌లో ఒక జిరాక్సు దుకాణంలో పనిచేస్తోంది. ఆమె సంతకం పెట్టలేదు; సర్టిఫికెట్లు ఇంకా కాలేజీ బీరువాలోనే ఉన్నాయి. ఖరీదైన సాఫ్ట్‌వేరు కొన్నామని ఆ కాలేజీ ప్రతి విద్యార్థి దగ్గరా ఏటా మూడు వేలు వసూలు చేస్తోంది. ల్యాబులో తెరిచేది ఇప్పటికీ ఆ ఉచిత సాఫ్ట్‌వేరునే.