మెల్కోన్ పార

మెల్కోన్ పారను యెస్తెర్ తోట మడవ దగ్గర దించి, కాలితో ఒకసారి తొక్కాడు. కాలువ నీళ్లు పక్కకు తిరిగి చిక్కుడు సాళ్లలోకి పాకాయి.

ఆ ఊళ్లో పార ఎవరి మడవ దగ్గర నిలబడితే నీళ్లు వాళ్లవి. మెల్కోన్ వచ్చి పీకేదాకా దాన్ని ఇంకెవరూ ముట్టుకోరు. అతని తండ్రి నాటినప్పుడూ అంతే, తాత నాటినప్పుడూ అంతే. ఆ తాతలు కొండకవతలి ఊరు పోగొట్టుకుని, చర్చి తలుపొకటి ఎడ్లబండి మీద వేసుకొచ్చి, ఇక్కడ ముందు కాలువ తవ్వారు. ఇళ్లు తరువాత కట్టుకున్నారు. నీళ్ల మనిషికి సొంత తోట ఉండకూడదన్నది అప్పటి కట్టుబాటే. అందుకే మెల్కోన్‌కి తోట లేదు. కోతలయ్యాక ఎవరికి తోచినన్ని అక్రోట్లు, చిక్కుళ్లు వాళ్లు అతని గుమ్మంలో పెట్టిపోతారు. పెళ్లి కూడా ఎందుకో కుదరలేదు.

పొట్టి మనిషి. పిక్కల మీద బురద ఎండి చేప పొలుసుల్లా లేచింది. పార కర్ర అతని చెయ్యి పడేచోట సన్నబడింది.

"ఈ తోట కాడికొచ్చేసరికి పార కాస్త లోతుగా దిగుద్దేం బావా?" దడి అవతలినుంచి గరెగిన్ అన్నాడు. రేపటి వంతు అతనిదే.

"నేల మెత్తన."

"మా వదిన పెనిమిటి పోయిన కాడ్నుంచీ మెత్తనేనా?"

"నీ నోట్లో మట్టి కొట్ట!" అంది యెస్తెర్, సాళ్ల మధ్య నుంచి తల ఎత్తకుండానే. మెల్కోన్ చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అంతలో కాలువ చప్పుడు తగ్గింది. చూస్తుండగానే నీళ్లు సన్నని దారమై, ఆగిపోయాయి. ముగ్గురూ పైకి చూశారు.

కాలువ తల లోయ పైన ఉంది; ఆకూ మట్టీ అడ్డం పడేది అక్కడే. మంచు కరిగిన దగ్గరనుంచీ ఎదుటి కొండమీద అవతలి సైనికుల కొత్త మట్టిగోడ కనిపిస్తోంది. ఎండ పడ్డప్పుడు దాని వెనక ఏదో తళుక్కుమంటుంది. మేతకెళ్లిన గుర్రం ఒకటి అటునుంచి రాలేదు. దాన్ని వెతకబోయినవాణ్ని దుప్పట్లో మోసుకొచ్చారు. అప్పటినుంచి సందె మసకలో తప్ప కాలువ తల వైపు ఎవరూ వెళ్లొద్దని పెద్దలు చెప్పారు.

"పొద్దు వాలాక పోదువులే," అంది యెస్తెర్.

"పొద్దు గూకితే నీ వంతు పోద్ది."

"పోతే పోనీ."

"మళ్లీ వంతుదాకా ఇయ్యి ఆగుతయ్యా?"

ఆమె చిక్కుళ్ల వైపు చూసింది. పూత కొసల్లో నల్లబడుతోంది. చలికాలమంతా ఆమెకు అవే తిండి.

"నా వంతు ఆవిడకే పెట్టు బావా," అన్నాడు గరెగిన్. గొంతులో వేళాకోళం లేదు. "నా టమాటాలు రెండ్రోజులు ఆగినా చావవు."

"వంతు చేతులు మారదు. మీ నాయన అడిగితే మా నాయన ఒప్పుకున్నాడా?"

యెస్తెర్ లవాష్ రొట్టెలో జున్ను చుట్టి, గుడ్డలో కట్టి తెచ్చింది. "తిని పో."

"వచ్చి తింటాలే." మూటను పార పిడికి కట్టి, ఒట్టి చేతులతో బయలుదేరాడు. అక్రోటు చెట్లున్నంతమేరా నిటారుగా నడిచాడు. చెట్లయిపోయాక బోడి వాలు. అక్కడ వంగి, మలుపు తిరిగి కనబడకుండా పోయాడు.

ఊరు చప్పుడు చేయడం మానినట్టయింది. గోడవార పడుకున్న కుక్క లేచి ఇంట్లోకి పోయింది.

చాలాసేపటికి కాలువలోకి ముందు ఎండాకులు వచ్చాయి. తరువాత బురద. ఆ వెనక నీళ్లు ఒడ్డునిండా.

"అడ్డం తీసేశాడు!" యెస్తెర్ నవ్వింది.

గరెగిన్ ఏదో అనబోయాడు. పైన, చెక్కతో చెక్కను కొట్టినట్టు ఒక్క చప్పుడు. చర్చి కప్పు మీది పిచ్చుకలు ఒక్కసారే లేచాయి.

నీళ్లు వస్తూనే ఉన్నాయి. సాళ్లు నిండాయి. చిక్కుళ్ల మొదళ్లు మునిగాయి, గట్టు తెగి నీళ్లు దారి మీదికి పారాయి. పొద్దు గూకింది. గరెగిన్, ఇంకా నలుగురు దుప్పటి తీసుకుని పైకి వెళ్లారు. దడి దగ్గర చేరిన ఆడవాళ్లలో ఒకామె, "పార తియ్యవే, తోట కుళ్లిపోద్ది," అంది.

చీలమండలు మునిగిన నీళ్లలో నిలబడ్డ యెస్తెర్ ఆమెకేసి చూసింది. "నేనా?" అంది.

ఆ మాట అన్నామె కూడా ముందుకు రాలేదు.

మసక నీళ్ల మధ్య పార అలాగే దిగి ఉంది, పిడికి కట్టిన రొట్టె మూట గాలికి కొద్దిగా కదులుతూ.