తిరగేసి చూపని వైపు

ఆ పొద్దు తెల్లవారేసరికి ఆకాశం నిండా మబ్బులే. పడమటి నుంచి తూర్పుకు, ఎవరో వెనక తరుముతున్నట్టు పరుగెత్తుతున్నాయి. ఒక్కటీ ఆగలేదు, ఒక్క చినుకూ రాల్చలేదు. ఆషాఢంలో బత్తలపల్లె చుట్టుపక్కల మబ్బులకు అదే పని. ఓబిలేష్ గడపలో నిలబడి కాసేపు చూశాడు. లోపలికి వచ్చి మగ్గం కొయ్యకు కట్టిన చీరపేలిక ముడి విప్పాడు. పేలిక రెండో కొస ఆరేళ్ల కూతురు అనుపమ కాలికి ఉంది, అదీ విప్పి మగ్గం కింద పడేశాడు.

కట్టకపోతే కుదరదు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేసేవాడు లేచి బయటికి వచ్చేలోగా పిల్ల తారురోడ్డు మీద ఉంటుంది. ఒకసారి ఇసుక లారీవాడు దిగి వచ్చి ఓబిలేష్ చొక్కా పట్టుకున్నాడు. పేలిక ఆ రోజు నుంచి మొదలు.

బడిలోనూ అంతే. కూర్చున్న చోట ఉండదు, చెప్పింది చెవిన పడదు, రాసేది సగంలో వదిలి కిటికీ ఎక్కుతుంది. అందరూ కొట్టమన్నారు. ఎలిజబెత్ టీచరు ఒక్కతే కొట్టొద్దన్నది.

"అన్నా, ఇది పొగరు కాదు. దీనికో పేరుండాది, ఏడీహెచ్‌డీ అంటారు. నేర్పే పద్ధతుండాది, కావాలంటే మందుండాది. అనంతపురానికి నెలకొక తూరి బెంగళూరు నుంచి పిల్లల డాక్టరొస్తాడు. ఆయప్పకు చూపించు."

ఆ డాక్టరును చూసే చీటీ దొరకడానికి ఐదు నెలలు పట్టింది. ఈ లోపల, పోయిన వారమే, అనుపమ బడి గోడ దూకింది. హెడ్మాస్టరు తెగేసి చెప్పాడు. సోమవారానికి డాక్టరు కాగితం తెస్తే సరి, లేదంటే పిల్లను ఇంట్లోనే పెట్టుకోండని.

ఆ పొద్దు అనంతపురం బస్సులో పిల్ల ప్రతి సీటూ ఎక్కి దిగింది. కండక్టరు నవ్వాడు. "ఏమప్పా, నీ కూతురు అన్ని సీట్లలోనూ కూర్చునె. అన్నిటికీ టికెట్టు కొట్టమంటావా?"

"కొట్టప్పా, నీ బస్సుకు పుణ్యమొస్తాది," అన్నాడు ఓబిలేష్. ఆ రోజు అతనికి ఆశ ఉంది.

డాక్టరు గదిలో ఒక గాజుతొట్టి, అందులో ఎర్రచేపలు. అనుపమ తొట్టికి ముక్కు ఆనించి నిలబడిపోయింది. కదలదు, పలకదు.

"కొత్త చోట పిల్లలు ఇట్లాగే ఉంటారు, దాన్ని బట్టి నేనేమీ రాయను," అన్నాడు డాక్టరు. మంచివాడే. "బడిలో ఎట్లా ఉంటుందో టీచరు రాసి పంపారు. ఇంట్లో ఎట్లా ఉంటుందో మీరు చెప్పాలి. రెండూ కలిస్తేనే నేను రాయగలను." బల్ల వెనక కూర్చుని, కళ్లద్దాలు సవరించుకుని, కాగితం ముందు పెట్టుకున్నాడు.

"చెప్పిన పని సగంలో వదిలేస్తుందా?"

"లేదు సార్."

"వస్తువులు పారేసుకుంటుందా?"

"లేదు సార్. శానా జాగ్రత్త."

ఆ నెలలోనే మూడు జతల చెప్పులు పోగొట్టింది. పక్కన కూర్చున్న పద్మజ మొగుడి వైపు విస్తుపోయి చూసింది.

ఓబిలేష్ నోరు అట్లా అలవాటు పడటానికి ఇరవై రెండేళ్లు పట్టింది. నేసిన ప్రతి చీరా ధర్మవరం షావుకారు ముందు పరచాలి. షావుకారు కళ్లద్దాలు సవరించుకుని అడుగుతాడు. పోగు తెగిందా, మరక పడిందా, అంచు వంకర పోయిందా. లేదు సామీ అనాలి. ఉందన్నవాడికి కూలిలో కోత. తెగిన పోగుల ముడులన్నీ చీర వెనక వైపు ఉంటాయి. అడగకుండా తిరగేసి చూపిన నేతగాణ్ణి ఓబిలేష్ ఇంతవరకు చూడలేదు.

"రోడ్డు మీదికి పరుగెత్తడం, అట్లాంటివి?"

"లేదు సార్. మా మాట వింటాది."

పద్మజ పిల్ల పావడాను చీలమండ మీదికి లాగింది.

"అమ్మా, మీరు చెప్పండి."

ఆమె మొగుడి మొహం చూసింది. "ఆయన చెప్పినట్టే సార్."

డాక్టరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నాడు. "టీచరు అన్నీ ఉన్నాయంటారు, మీరు ఏదీ లేదంటారు. బడిలోనే ఇట్లా ఉంటే అది వేరే సంగతి. మీరు అడిగిన కాగితం నేను రాయలేను."

మెట్ల మీద పద్మజ నిలబడిపోయింది. "ఎంత పని చేస్తివి బావా! ఎవరి సొమ్ము పోతాదని లేదంటివి?"

"నోరట్లే తిరిగె మే."

"పో. మళ్లా పోయి చెప్పు. కాళ్లు పట్టుకో."

పిల్ల అప్పటికే మెట్ల పిట్టగోడ ఎక్కింది. పద్మజ జడ పట్టుకుని దించింది. ఓబిలేష్ దాన్ని చంకనేసుకుని వెనక్కి ఉరికాడు. అడ్డం వచ్చిన ఆయాను తప్పించుకుని గదిలోకి దూరి, అన్నీ ఉండాయి సార్, మీరు అడిగినవన్నీ ఉండాయి, అన్నాడు. చంకలోంచి దిగిన పిల్ల నేరుగా చేపల దగ్గరికి పోయి నిలబడింది.

డాక్టరు పిల్లను చూశాడు, అతన్ని చూశాడు. "ఇందాక అన్నిటికీ లేదన్నారు. మెట్లు దిగేలోగా అన్నిటికీ ఉందంటున్నారు. ఏది నమ్మాలి? నేను రాసేది ఆ పాప జీవితమంతా వెంట ఉంటుంది. ఇంకో రోజు రండి, మొదటి నుంచి అడుగుతాను."

పావడా ఒక్క జానెడు పైకెత్తి పిల్ల కాలు చూపితే నమ్మేవాడేమో. పేలిక ఒరిసిన చోట నల్లటి గీత ఉంది. ఓబిలేష్ వంగాడు కూడా. గదిలో అప్పటికే వచ్చి కూర్చున్న ఇంకెవరో తల్లీబిడ్డా అతన్నే చూస్తున్నారు. అతను పావడా కుచ్చిళ్లు సరిచేసి నిలబడ్డాడు.

బయట చీటీలు రాసే ఆమె వేలితో పుస్తకం తిరగేసింది. "శివరాత్రి దాటినాకేనన్నా. రాసుకోమంటావా?"

"రాసుకో," అన్నాడు.

తిరుగు బస్సులో ఎవరూ నవ్వలేదు. ఇల్లు చేరేసరికి పొద్దు గూకుతోంది. మబ్బులు ఇంకా పోతూనే ఉన్నాయి. పద్మజ పొయ్యి ముట్టించి సంగటి గెలికింది, శనగవిత్తనాల చెట్నీ నూరింది. ఓబిలేష్ మగ్గం కింద పడి ఉన్న పేలికను తీశాడు. పొయ్యిలో వేద్దామనే తీశాడు. చేతిలో పట్టుకుని, తెరిచి ఉన్న వాకిలి వైపు చూశాడు. రోడ్డు మీద లారీ ఒకటి పోయింది. సోమవారం నుంచి పొద్దంతా పిల్ల ఇంట్లోనే.

అతని చేతిలో పేలిక చూసి అనుపమ వచ్చి కొయ్య పక్కన కూర్చుంది. పావడా తనే పైకి లాక్కుని కాలు చాపింది.

ఓబిలేష్ దాని పక్కన కూర్చున్నాడు. పేలికను గీత మీద పడకుండా కాస్త పైకి జరిపి కట్టాడు.

పద్మజ మూడు తట్టల్లో సంగటి పెట్టి కొయ్య దగ్గరికే తెచ్చింది. ముగ్గురూ చుట్టూ కూర్చున్నారు. పిల్ల చాపిన కాలు ఆడిస్తూనే ఉంది. పేలిక బిగుస్తోంది, వదులవుతోంది. సంగటి ముద్దలు చెట్నీలో అద్దుకుని తిన్నారు.