గోడ మీద నాన్న ఫొటో

నాలుగు రోజులు సెలవు దొరకగానే ఆమె అమ్మానాన్నలని కారెక్కించుకుని బయల్దేరింది. ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం ఆమెది. ఏడాది పొడుగునా కిటికీల్లేని గదిలో ఉండి ఉండి, ఫలానా వేళకి ఫలానా చోటికి చేరనక్కర్లేని ప్రయాణం ఒక్కటి చెయ్యాలనుకుంది. దారిలో సంత కనిపిస్తే ఆగడం, నచ్చింది తినడం, నచ్చకపోతే పక్క కొట్టుకి వెళ్లడం, అంతే.

మొదటి రెండు రోజులూ అలాగే హాయిగా గడిచాయి. ఒక ఊళ్లో నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న తిన్నారు, ఇంకో ఊళ్లో ఆకులో చుట్టి ఉడికించిన చేప. అమ్మ కనిపించిన ప్రతి గిన్నెకీ బేరమాడి, తీరా ధర దిగొచ్చాక కొనకుండా వచ్చేసేది.

"కొనే ఉద్దేశం లేనప్పుడు ఆ మనిషి ప్రాణం ఎందుకు తీస్తావ్?" అనేవాడు నాన్న.

"అడిగితే తప్పేముంది? నోరేమన్నా అరిగిపోతుందా?" అనేది అమ్మ.

నలభై ఏళ్లు వడ్రంగం చేసిన మనిషి నాన్న. ఏ ఊరెళ్లినా అక్కడి తలుపులకీ కిటికీలకీ వంకలు పెట్టడమే ఆయనకి కాలక్షేపం.

మూడో రోజు, రోడ్డు మరమ్మత్తని బళ్లన్నిటినీ ఏటి పక్క దారికి మళ్లించారు. అప్పట్నించీ ఆయన ఏ తలుపుకీ వంక పెట్టలేదు. మధ్యాహ్నానికి ఏటి ఒడ్డున ఓ చిన్న ఊరొచ్చింది. వీధంతా సంత.

"ఇక్కడొద్దు, ముందుకి పోదాం" అన్నాడు.

"నా కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి" అంటూ అమ్మ అప్పటికే దిగిపోయింది.

తలనొప్పిగా ఉందని నాన్న కార్లోనే ఉండిపోయాడు. తల్లీకూతుళ్లిద్దరూ ఉల్లిపాయల బస్తాల మధ్యనించి, కోళ్ల గంపలు తప్పించుకుంటూ, మూలనున్న ఓ చిన్న పూటకూళ్ల ఇంట్లోకి వెళ్లారు. లోపల నాలుగే బల్లలు. అరవై అయిదు దాటిన ఓ పెద్దావిడ, చేతులు మోచేతుల దాకా తడుపుకుని, తనే వండి తనే వడ్డిస్తోంది. వేయించిన చేపలూ వేడి రొట్టెలూ తెచ్చి పెట్టింది. అమ్మ మొదటి ముద్దకే కళ్లు మూసుకుని, "ఆహా" అంది.

కూతురు తలెత్తి గోడ వైపు చూసింది. రెండు ఫొటోలు పక్కపక్కన ఉన్నాయి. రెంటి కిందా పోయిన తేదీ రాసి ఉంది, ఒకే తేదీ. రెండో ఫొటోలో ఇరవై రెండేళ్ల కుర్రాడు. ఎడమ కనుబొమ్మని రెండుగా చీల్చిన మచ్చ. బయటికి పొడుచుకొచ్చిన చెవులు.

"అమ్మా, అది నాన్న."

"నీ మొహం! మనిషిని పోలిన మనుషులుండరేమిటి?" అని అమ్మ తలతిప్పింది. మళ్లీ చూసింది. చేతిలోని రొట్టె జారి కంచంలో పడింది.

కూతురు పెద్దావిడ వైపు తిరిగింది. "వాళ్లెవరండీ?" అని అడిగింది.

"ఆ మీసాలాయన నా మొగుడు" అంది పెద్దావిడ, బల్ల తుడుస్తూ. "పక్కనున్నవాడు నా తమ్ముడు. పడవ తిరగబడి ఇద్దరూ ఒక్క పూటే పోయారమ్మా. ఆయన దొరికాడు. వీడు దొరకనే లేదు. నలభై ఒక్కేళ్లయింది."

అనాథాశ్రమంలో పెరిగానని చెప్పాడు నాన్న. కిందటేడు ఆయన మణికట్టు విరిగినప్పుడు ఆస్పత్రి కాగితంలో 'రక్తసంబంధీకులు: కూతురు తప్ప ఎవరూ లేరు' అని ఆమే స్వయంగా రాసింది. ఆ అక్షరాలు ఇప్పుడు కళ్ల ముందు గిర్రున తిరిగాయి. ఏం చెప్పాలో ఆలోచించుకునే లోపే నోరు జారింది.

"మీ తమ్ముడు బయట కార్లో ఉన్నారండీ."

పెద్దావిడ చేతిగుడ్డ బల్ల మీదే వదిలేసి, తడిచేతులతోనే సంతకి అడ్డంపడి నడిచింది. వెనకాల వీళ్లిద్దరూ పరిగెత్తారు.

కారు దగ్గరికెళ్లి, వంగి, అద్దంలోంచి చాలాసేపు చూసింది.

"చిన్నోడా."

ఆ పేరు తల్లీకూతుళ్లు ఎన్నడూ వినలేదు. నాన్న తలుపు తీసుకుని దిగబోయాడు. అక్కడే నేల మీద కూలబడ్డాడు. "అక్కా" అన్నాడు, పసిపిల్లాడి గొంతుతో.

ఆవిడ ఏడవలేదు, దగ్గరికి తీసుకోనూ లేదు. "మీ బావ ఏమన్నా అన్నాడా, ఆఖర్న?" అని అడిగింది.

"నీళ్లు లోపలికొస్తుంటే నవ్వాడక్కా. 'మీ అక్కకి చెప్పకురోయ్, చంపేస్తుంది' అన్నాడు. అంతే, పడవ ఒరిగిపోయింది. నేను ఎక్కడో దిగువన ఒడ్డెక్కా. నువ్వు వద్దంటున్నా ఆయన్ని లాక్కెళ్లింది నేనే కదా. ఏ మొహం పెట్టుకుని రాను?"

చెంప ఛెళ్లుమంది. చుట్టుపక్కల బేరాలన్నీ ఆగిపోయాయి.

"పడవ సంగతి చెప్పొద్దన్నాడు గానీ, నిన్ను చచ్చిపొమ్మన్నాడట్రా? నాకు ఇద్దరు పోయారనుకుని ఏడ్చాను. పోయింది ఒక్కడేనని చెప్పడానికి నోరు రాలేదా నీకు?"

అమ్మ ముందుకొచ్చింది. ఇప్పుడు మెల్లగా అంది: "ఆశ్రమంలో కప్పుకోడానికి దుప్పటి కూడా ఉండేది కాదని చెప్పారే. ముప్ఫయ్యారేళ్లుగా చలికాలం వస్తే ముందు మీకు కప్పి, తర్వాత నేను పడుకున్నా." ఆ తర్వాత ఆయన వైపు చూడలేదు.

ఆ రాత్రి సంతవీధిలోనే ఓ గది తీసుకున్నారు. ముగ్గురిలో ఎవరూ నిద్రపోలేదు. పొద్దున్నే అమ్మ తన సంచీ ఒక్కటే పక్కన పెట్టుకుంది.

"మీరిద్దరూ వెళ్లండి. నేను వదిన దగ్గర కొన్నాళ్లుంటా. నేను పెళ్లాడిన మనిషెవరో ఆవిణ్ణడిగి తెలుసుకుని వస్తా."

మేనత్త తన పూటకూళ్ల ఇంటి గుమ్మంలోనే నిలబడింది. "ఆదివారం రా" అంది తమ్ముడితో. "అప్పటికి నా కోపం తగ్గుతుందని చెప్పలేను. అయినా రా."

తిరుగుదారిలో చాలా దూరం వచ్చాక, కూతురు రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా అడిగింది: "మాకు తెలియంది ఇంకా ఏమన్నా ఉందా నాన్నా?"

"మా అమ్మ" అని ఆగాడు. "నేను పోయాననుకుని ఏడాది కూడా బతకలేదట. రోజూ రేవుకెళ్లి కూర్చునేదట. నిన్ననే చెప్పింది అక్క."

ఆమె కారు పక్కకి తీసి ఆపేసింది. ఆయన్ని ఓదార్చాలో, నిలదియ్యాలో తెలియలేదు. ఇంజను కట్టేసి, స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి కూర్చుంది. నాన్న వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. తన ముప్ఫై నాలుగేళ్లలో ఆ ఏడుపు ఆమె వినడం అదే మొదలు.

ఆదివారం ఆమె లేచేసరికే ఆయన తయారై కారు దగ్గర నిలబడి ఉన్నాడు.