రెండో గ్లాసు

మొదటి రెండు పేజీలూ కొట్టెయ్యమ్మా, చావుతోనే మొదలుపెట్టు, చదివేవాడికి అంత ఓపికెక్కడిది, అని రచన తరగతిలో అందరి ముందూ అనేశారు డాంక్వా మాస్టారు, సరే, కొట్టేశాను, పోయిన వారం నీకు తెలిసిందే రాయమన్నదీ ఆయనే, నాకు తెలిసింది ఆ రెండు పేజీలే, ఇక వీటిలో ఏ మాట వినేది, రోజూ రాయాలట, తక్కువ రాయాలట, ఏడుపు చెప్పకుండా చూపించాలట, అబ్బబ్బ, పన్నెండింటికల్లా కథ పంపకపోతే సంకలనంలో చోటు పోతుంది, ఇప్పుడే పదకొండున్నర, ఫోనేమో పీట మీద, నా చెయ్యేమో రోట్లో, అమ్మ రోకలెత్తిన ప్రతిసారీ ఉడికిన కర్రపెండలం దంచే ఫుఫు ముద్ద తిప్పాలి, ఒసే అఫ్రియే, చెయ్యి తియ్యవే, వేళ్ళు నలిగిపోతాయి, ఎక్కడున్నావే నువ్వు, ఇక్కడే ఉన్నానమ్మా, అబద్ధం, సరస్సులో తమ్ముడు ఒపోకు మునిగిపోయిన ఆ మధ్యాహ్నంలో ఉన్నాను, మూడేళ్ళుగా అక్కడే ఉన్నాను.

నిన్న చదివి వినిపించావే, అందులో మీ మామయ్య గడప దాటుతూనే పిల్లాడు పోయాడని అరిచాడేమే, అంటోంది అమ్మ, రోకలి ఆపకుండానే, మనింటికొచ్చిన మనిషికి నీళ్ళివ్వలేదూ, వచ్చిన పనేమిటని అడగలేదూ, అడిగాకే కదే మనలో ఎవరైనా కబురు విప్పేది, కుమాసీలో ఎవరైనా చదివితే నన్నేమనుకుంటారే, మాస్టారు తీసెయ్యమన్నారమ్మా, ఆహా, మీ మాస్టారింట్లో నీళ్ళు లేవేమో పాపం, నాకు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది, ఆ నీళ్ళంటేనే నాకు కోపం, అంపోన్సా మామయ్య ఆ రోజు బల్ల మీద కూర్చుని తీరిగ్గా గ్లాసెడు నీళ్ళు తాగాడు, అమ్మేమో ఒపోకు సాయంత్రానికి వచ్చేస్తాడన్నయ్యా, వాడికి చేప తలకాయ దాచాను అని చెబుతూనే ఉంది, ఆయన ఇంకో గ్లాసడిగాడు, అది కూడా తాగాకే, ఇక్కడ అందరం క్షేమం, నువ్వొచ్చిన పనేమిటన్నయ్యా అని అమ్మ అడిగింది, అప్పుడు చెప్పాడు, మేనల్లుడు పోయిన కబురు కడుపులో పెట్టుకుని నీళ్ళెలా దిగాయో ఈయనకి అని మూడేళ్ళుగా నేను ఆయనతో సరిగా మాట్లాడలేదు.

దిగలేదే, అంది అమ్మ, నేను పైకే అనేసినట్టున్నాను, రెండో గ్లాసు సగం గడ్డం మీంచి కారి చొక్కా తడిసిపోయింది, దాహమైనవాడు అలా తాగుతాడా, అంటూ రోకలి ఆపేసింది, నేను ముద్ద తిప్పడం మరిచి ఆవిడ మొహంలోకి చూశాను, తడి చేత్తోనే ఫోనందుకున్నాను, పదకొండూ యాభై, కొట్టేసిన రెండు పేజీలూ మళ్ళీ తెచ్చిపెట్టాను, నీళ్ళు, చేప తలకాయ, రెండో గ్లాసు, అన్నీ, చదివేవాడికి ఓపిక లేకపోతే పోనీ, ఆయన తాగుతున్నంతసేపూ అమ్మకి కొడుకు బతికే ఉన్నాడు.